దయామణి టీచర్ గోడపత్రిక

మొన్న చాంద్రాయణగుట్ట చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకతను ఫ్లైఓవర్ స్తంభానికి పోస్టర్లు అంటిస్తున్నాడు. పక్కన బకెట్లో లై. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపితే వచ్చే ఆ పులిసిన వాసన ముక్కుకు తగలగానే రెండడుగులు వెనక్కి వేశాను. అరవై దాటిన మనిషిని, ఉద్యోగం చేసి రిటైరైన దాన్ని, అయినా అరచేతులు చెమట పట్టాయి. నాకు ఆ వాసన అంటే శనివారం పొద్దున. శనివారం అంటే మా మిడిల్ స్కూలు గోడపత్రిక. గోడపత్రిక అంటే దయామణి టీచర్.

మా బడి మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్‌కు రెండు గల్లీల అవతల ఉండేది. ఏడో తరగతి దాకే. డెబ్బైలలో సంగతి. దయామణి టీచర్ మాకు తెలుగు, సాంఘికం చెప్పేవారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. గంజి పెట్టిన నేత చీర, చంకలో నల్ల గొడుగు. గట్టిగా అరిచిన గుర్తు లేదు. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా మన మొహంలోకే చూస్తూ ఉండేవారు. తిట్టే టీచర్ల కంటే ఆవిడంటేనే మాకు ఎక్కువ భయం.

గోడపత్రిక ఆవిడే మొదలుపెట్టారు. డ్రాయింగ్ షీటు మీద బడి వార్తలు రాసి, శనివారం ప్రార్థనలో చదివి, ఆఫీసు గది పక్క గోడకు లై పూసి అంటించాలి. మళ్లీ శనివారం దాకా అది అక్కడే ఉంటుంది. నా రాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకిచ్చారు. షరతు ఒకటే. ప్రతి వార్తా ముందు ఆవిడకు చదివి వినిపించాలి. "నువ్వు చూసినవా, ఎవరన్న చెప్తే విన్నవా?" అని అడిగేవారు. విన్నానంటే, "పోయి చూసి రాపో" అనేవారు. కబడ్డీలో ఎవరు గెలిచారో రాయడానికి కూడా గెలిచిన వాళ్లను అడిగి రావాల్సి వచ్చేది. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటే షీటు మూలన ఎర్ర పెన్సిలుతో 'ద' అని చిన్నగా రాసేవారు. ఆ అక్షరం లేకుండా షీటు గోడ ఎక్కేది కాదు.

ఆ ఏడు ఫాల్గుణం చివర, బడి ఆవరణలో వేపపూత రాలుతున్న రోజుల్లో, ఏడో తరగతి పిల్లలమందరం ఒకటే ఆదుర్దాలో ఉన్నాం. వార్షికోత్సవం దగ్గరికొచ్చింది. దాని వెనకే గ్రూపు ఫోటో, పరీక్షలు. ఆ తర్వాత ఈ బడి ఉండదు. ఆడపిల్లల హైస్కూలులో సీట్లు తక్కువ. ఫారం దొరకడమే గొప్ప. ఇంకో దారి కూడా ఉంది. ఊరవతల ఆడపిల్లల కోసం సర్కారు కొత్తగా వసతి పాఠశాల తెరిచింది. తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లే ఇస్తారు. దానికి మా బడి నుంచి నలుగురు పరీక్ష రాశారు. అందులో నా పక్క బెంచీ సుజాత ఒకతి. వాళ్ల నాన్న మల్లేశం కూరగాయల మార్కెట్‌లో హమాలీ, మూటలు మోసేవాడు. సుజాత కింద ఇంకా ముగ్గురు పిల్లలు.

ఒక శుక్రవారం సాయంత్రం షీటు నిండలేదు. వార్షికోత్సవం రిహార్సల్సు, పగిలిన నీళ్ల కుండ, కొత్త గంట, ఇవే వార్తలు. ఇంకా నాలుగు వేళ్లంత జాగా మిగిలింది. సిరా కోసం టీచర్ల గదిలోకి వెళితే, బల్ల మీద అప్పుడే టపాలో వచ్చిన, టైపు చేసిన కాగితం కనబడింది. వసతి పాఠశాలకు ఎంపికైన వారి జాబితా. అందులో సగం కిందికి 'బి. సుజాత'. నా గుండె ఎగిరి గంతేసింది. ఇంకేమీ చూడలేదు. పరుగెత్తుకొచ్చి, అందరికీ కనబడేలా పెద్ద అక్షరాలతో రాశాను: 'మన బి. సుజాతకు వసతి పాఠశాలలో సీటు!'

టీచర్ వరండాలో పిల్లల చేత కోలాటం ఆడిస్తున్నారు. ఒకమ్మాయి కాలు బెణికి ఏడుస్తోంది. నేను షీటు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఆ పిల్ల కాలు వదలకుండానే, "చూసినవా?" అన్నారు. "చూసిన టీచర్" అన్నాను. అబద్ధం కాదు కదా. ఆవిడ చదవకుండానే మూలన 'ద' రాసేశారు.

మర్నాడు ప్రార్థనలో చదివాను. బడి అంతా చప్పట్లు. సుజాత రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. శనివారం కాబట్టి మధ్యాహ్నానికే బడి వదిలారు. అది ఇంటికి పరుగెత్తిన తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నేను సిరా బుడ్డి పెట్టి రావడానికి టీచర్ల గదిలోకి వెళ్లాను. జాబితా అక్కడే ఉంది. సుజాత పేరును ఇంకోసారి చూద్దామన్న సంబరంతో వంగాను. పేరు పక్కన నంబరు, దాని పక్కన బడి పేరు ఉన్నాయి. ఆ బడి మాది కాదు. నంబరు కూడా మా సుజాతది కాదు. ఆ జాబితాలో మా బడి పిల్లలు ఒక్కరూ లేరు.

అప్పుడే పోయి చెప్పాల్సింది. టీచర్ గేటు దగ్గరే ఉన్నారు, గొడుగు విప్పుతున్నారు. నేను ఆవిడ పక్కనుంచే నడిచి ఇంటికి వెళ్లిపోయాను.

ఆదివారం పొద్దున మా నాన్న సైకిల్ తుడుచుకుంటున్నాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. గుమ్మం ముందు మల్లేశం వచ్చి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, చేతిలో జిలేబీ పొట్లం.

"మీ పద్మ నోటికెల్లి ఇన్నది మా బిడ్డ మంచి మాట. గందుకే మొదలు మీకే తెచ్చిన" అన్నాడు.

"మస్తు సంతోషం మల్లేశం. నీ కష్టం ఫలించింది" అన్నాడు నాన్న.

"హైస్కూల్ ఫారం ఒకటి తెచ్చి పెట్టుకుంటిమి. రేపే ఆఖరు తారీఖంట. ఇగ మాకెందుకని పక్కింటోళ్ల బిడ్డకిచ్చేసిన. పాపం, వాళ్లకు ఫారం దొరకలే."

నా నోట్లో జిలేబీ ముక్క ఉంది. మింగలేక, ఉమ్మలేక నిలబడ్డాను. మార్కెట్ మూల చాయ్ హోటల్ యజమాని అటుగా పోతూ, "ముబారక్ హో మల్లేశం భాయ్! బేటీ నే నామ్ రోషన్ కర్దియా" అని, బిడ్డ పేరు నిలబెట్టిందని మెచ్చుకుంటూ ఆయన్ను కావలించుకున్నాడు. మల్లేశం సిగ్గుపడుతూ నవ్వాడు. ఆ మనిషి నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజంతా నాకు కడుపు నొప్పి. అమ్మ వాము నీళ్లు తాగించింది.

సోమవారం అందరికంటే ముందు బడికి వెళ్లాను. టీచర్ రాగానే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "టీచర్, ఆ సుజాత మన సుజాత కాదు" అన్నాను. ఆవిడ జాబితా తీసి, వేలు పెట్టి రెండుసార్లు చదివారు. తర్వాత కుర్చీలో కూర్చున్నారు.

"ఎప్పుడు తెలిసింది?"

"శనివారం."

నేను దెబ్బకు సిద్ధమయ్యాను. ఆవిడ గోడ వైపు తిరిగారు. "చదవకుంట అక్షరం పెట్టిన నేను" అని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. తర్వాత లేచారు. "నడువు. గోడ మీద దిద్దేది తర్వాత. ముందు సుజాతకు చెప్పాలె. నువ్వే చెప్పాలె."

"భయమైతుంది టీచర్."

"అయితది. భయం పోయినంక చెప్తనంటే ఎన్నటికీ చెప్పవు. పక్కన నేనుంట."

సుజాత ప్రార్థన వరుసలో ఉంది, రెండు జడలకు కొత్త ఎర్ర రిబ్బన్లు. టీచర్ దాన్ని ఖాళీ తరగతిలోకి తీసుకొచ్చారు. నేను నేల చూస్తూ చెప్పాను. మాట పూర్తయ్యాక కూడా అది ఏడవలేదు. "నాకు తెల్సు. లెక్కలన్నీ తప్పులే రాసిన. కని నువ్వు అందరి ముంగట చదివినవ్ గద, గందుకే నమ్మిన" అంది. తిట్టినా బాగుండేది.

అక్కడినుంచి ముగ్గురం మార్కెట్‌కు నడిచాం. మల్లేశం ఉల్లిగడ్డ బస్తా వీపు మీద వేసుకుని వస్తున్నాడు. మమ్మల్ని చూడగానే, "టీచరమ్మా, మీరెందుకొచ్చిన్రు, నేనే వస్తుంటి గద" అంటూ బస్తా దించాడు. ఈసారి టీచరే చెప్పారు, రెండే ముక్కల్లో. ఆయన తువ్వాలతో మెడ తుడుచుకుంటూ విన్నాడు. విన్నాక అదే బస్తా మీద కూలబడ్డాడు. చుట్టూ బేరాల లొల్లి. ఎవరో త్రాసు ఖాళీ చేయమని అరుస్తున్నారు. ఆయన నా వైపు తిరిగాడు.

"నాకు సదువు రాకపాయె బిడ్డా. వస్తే నేనే పోయి సూసుకుంటుంటి."

అందులో కోపం లేదు. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు.

"ఫారం ఎవరికిచ్చిన్రు?" అని టీచర్ అడిగారు. వాళ్లు నింపి పొద్దున్నే ఇచ్చేశారట. టీచర్ గడియారం చూసుకున్నారు. బడిలో రిహార్సల్సు ఆగిపోయి ఉంటాయి, హెడ్మాస్టరు వెతుకుతూ ఉంటారు. "రిక్షా పిలువు పద్మా" అన్నారు.

హైస్కూలు క్లర్కు తలెత్తకుండానే, "ఫారాల్లేవమ్మా. అయిపోయినయి" అన్నాడు. పెద్ద మేడమ్ మీటింగులో ఉన్నారు, ఎప్పుడొస్తారో తెలియదు. టీచర్ వరండా బెంచీ మీద కూర్చున్నారు. నేను, సుజాత నిలబడ్డాం. పన్నెండైంది, ఒకటైంది. సుజాత తన రిబ్బన్లు విప్పి చుట్టచుట్టి గుప్పిట్లో పెట్టుకుంది. ఆఫీసు మూసే వేళ దగ్గరపడుతున్నకొద్దీ నేను గేటు వైపు చూడటం, నిమిషాలు లెక్కపెట్టడం. మూడు దాటాక పెద్ద మేడమ్ వచ్చారు. టీచర్ లేచి ఎదురెళ్లారు.

"తప్పు ఈ పిల్లది కాదు మేడమ్, దీని తండ్రిది కాదు. నాది. నేను సరిచూడకుంట వార్త బయటికి పంపిన. దాన్ని నమ్మి వాళ్లు ఫారం పోగొట్టుకున్నరు" అన్నారు.

ఆవిడ నా పేరు చెబుతారనుకున్నాను. చెప్పలేదు. పెద్ద మేడమ్, "తెల్ల కాగితం మీద రాసియ్యండి. సీటిస్తనని మాటియ్యను. ఎవరన్న చేరకపోతే చూస్తం" అన్నారు. టీచర్ నిలబడే అర్జీ రాసి, కింద తన సంతకం పెట్టారు.

బడికి తిరిగొచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. ఆవిడ కొత్త షీటు నా ముందు పరిచారు. "రాయి. తప్పు ఎంత పెద్ద అక్షరాలల్ల రాసినవో, దిద్దుబాటు గూడ అంతే పెద్దగ రాయాలె."

"నా పేరు రాయాల్నా టీచర్?"

"రాయాలె. కింద నా పేరు గూడ. చదవకుంట అనుమతిచ్చిన్రని రాయి."

మర్నాడు హెడ్మాస్టరు మండిపడ్డారు. వార్షికోత్సవానికి అధికారులొస్తారు, బడి పరువేం కావాలి, చింపెయ్యమన్నారు. "శనివారం దాక ఉంటది సార్. తప్పు వార్త అయితే గన్ని రోజులు ఉంటుండె గద" అన్నారు టీచర్. షీటు ఉంది. ఆవిడకు మాత్రం సంజాయిషీ నోటీసు వచ్చింది. వార్షికోత్సవం రోజు నన్ను వేదిక ఎక్కనివ్వరనుకున్నాను. ఆవిడ కార్యక్రమాల కాగితం నా చేతికే ఇచ్చి, "పేర్లన్నీ ఒకసారి వాళ్లనే అడిగి రాపో" అన్నారు. ఒక్కొక్కరినీ అడిగి వచ్చి చదివాను. ముందు వరుసలో పిల్లల మధ్య సుజాత కూర్చుంది. చప్పట్లు కొట్టలేదు.

ఆ వేసవి పొడుగునా నేను దేనికీ స్థిమితంగా కూర్చోలేదు. జూన్‌లో హైస్కూలు తెరిచారు. నాకు సీటొచ్చింది, సుజాతకు రాలేదు. మార్కెట్ దారిన వెళ్లకుండా చుట్టు తిరిగి బడికి వెళ్లేదాన్ని. జూలై రెండో వారంలో ఒకమ్మాయి తండ్రికి బదిలీ అయి సీటు ఖాళీ అయింది. ఒక వాన రోజు, రెండో పీరియడ్ మధ్యలో, సుజాత తలుపు దగ్గర నిలబడింది. తడిసిన పుస్తకాల సంచి గుండెలకు హత్తుకుని ఉంది. నా పక్కనే జాగా ఉన్నా వెనక బెంచీకి వెళ్లింది. నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి, "నెల పాఠాలు పోయినయి నాకు. నీ నోట్సు ఇయ్యి" అంది. అన్ని పుస్తకాలూ ఇచ్చేశాను. తర్వాత అది నర్సు ట్రైనింగు చేసింది, తమ్ముళ్లను చదివించింది. మేమిద్దరం గొప్ప స్నేహితులం కాలేదు. ఎక్కడ కనబడినా ఆగి మాట్లాడుకుంటాం.

దయామణి టీచర్ రిటైరయ్యాక ఒకసారి ఇంటికి వెళ్లాను. జుట్టు పూర్తిగా నెరిసింది, చూపు తగ్గింది. ఆనాటి సంగతి ఎత్తి, "మీరంత ధైర్యంగ మార్కెట్‌కు ఎట్ల నడిచిన్రు టీచర్?" అని అడిగాను. ఆవిడ నవ్వారు. "ధైర్యమా? మార్కెట్‌ల మల్లేశం ముంగట నాకు కాళ్లు వణికినయే. నౌకరి పోతదేమోనని ఫికర్ వేరే. నువ్వు పక్కన ఉంటివి గాబట్టి నిలవడ్డ. నువ్వు చూస్తుంటివి గద."

నాకు సర్కారు దవాఖానాలో రికార్డుల విభాగంలో ఉద్యోగం వచ్చింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పేర్లే. ప్రతివాళ్లనూ తండ్రి పేరు, ఇంటి నంబరు అడిగి, మళ్లీ చదివి వినిపించి గానీ కాగితం ఇచ్చేదాన్ని కాదు. పక్క సీటు వాళ్లు విసుక్కునేవారు. అయినా ఒకరోజు రద్దీలో ఒకావిడ రక్తపరీక్ష కాగితం అదే పేరున్న ఇంకొకావిడకు ఇచ్చేశాను. అంతా బాగానే ఉందన్న కాగితం పట్టుకుని ఆవిడ సంతోషంగా వెళ్లిపోయింది. తిండి వేళ రిజిస్టరు చూస్తే తెలిసింది. ఆవిడ అసలు కాగితం నా బల్ల మీద ఉంది, అందులో ఉన్నది మంచి కబురు కాదు. రేపొస్తారులే, డాక్టరే చెబుతాడులే అని ఎవరైనా అనుకోవచ్చు. ఆవిడ ఇల్లు బార్కస్‌లో. సగం రోజు సెలవు రాసిచ్చి ఆటో ఎక్కాను. ఆకుపచ్చ రంగు తలుపు. లోపలినుంచి పిల్లల నవ్వులు వినబడుతున్నాయి. గుండె దడ చెవుల్లో మోగుతోంది. ఆ దడ తగ్గుతుందేమోనని ఆగకుండా తలుపు తట్టాను.