కారు మిస్సు ఎందుకు కొట్టిందంటే

ఒక మనిషిని దొంగను చేశాను. ఆయన దొంగ కాడని తెలిశాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు ఇంచుమించు ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఇన్నాళ్ళూ ఆ బరువుతో తిండి సయించలేదని చెబితే అబద్ధమవుతుంది. తిన్నాను, నవ్వాను, నిద్ర కూడా బాగానే పట్టేది. కానీ రోడ్డు మీద ఏ పాత కారైనా ఒక దెబ్బ తప్పి టుపుక్కుమందంటే చాలు, పక్కనున్నవాళ్ళతో మాట మార్చేసేవాణ్ణి. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అమలాపురం దగ్గర ఊరు. కొబ్బరితోటలున్నాయి, అంబాజీపేటలో ఒక చిన్న కొబ్బరి కొట్టు ఉండేది. తొంభైల మొదట్లో ఒక పాత తెల్ల కారు కొన్నాను. మా వీధికి అదే మొదటి కారు. దానికోసం కొబ్బరాకుల పాక వేయించాను. పాక పక్కనే ఎండుకొబ్బరి ఆరబెట్టే కళ్ళం. పెట్రోలు వాసన, కొబ్బరి వాసన కలిసి ముక్కుకి తగిలితే ఇప్పటికీ నాకు ముప్ఫై ఏళ్ళ వయసు వచ్చేస్తుంది. అద్దాలు దించుకుని కాలువ గట్టు మీద కొత్తపేట వైపు వెళుతుంటే, అవతలి గట్టున బట్టలు ఉతికేవాళ్ళు చెయ్యి ఆపి చూసేవారు. అంత సుఖం తర్వాత కొన్న ఏ కారులోనూ దొరకలేదు.

నడిపేది సత్యానందం. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. మా ఊరి దళితుల పేటలోనే ఇల్లు. అప్పట్లో ‘వాడు’ అనేవాణ్ణి. ఇప్పుడు ‘ఆయన’ అని రాస్తున్నాను. ఈ గౌరవం కూడా ఆలస్యంగానే వచ్చింది. ఎప్పుడూ ఉతికిన తెల్లచొక్కా వేసుకునేవాడు. స్టీరింగు పట్టుకునే ముందు పంపు దగ్గర చేతులు కడుక్కునేవాడు. ఆదివారం చర్చికి వెళ్ళాలండీ, ఆ రోజు మటుకు రాలేనండీ అని చేరిన రోజే చెప్పాడు. సరే అన్నాను. నిజానికి ఆ ఆదివారాలు నాకే కావాలి. ఆయన లేనప్పుడు బానెట్ ఎత్తి కారుతో ఆడుకోవడం నా సరదా.

బీయెస్సీ ఫిజిక్సు చదివానన్న పొగరొకటి ఉండేది. కారుతో వచ్చిన చిన్న పుస్తకం ఆసాంతం చదివాను. ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు మూత తీసి, నడిమధ్యన ఉన్న మెత్తటి ముక్క మీద అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కలు నూనె వెయ్యమని అందులో ఉంది. ఏ నూనె వెయ్యాలో కూడా ఉంది. అది నేను పట్టించుకోలేదు. మా ఇంట్లో తలుపు కీచుమంటే కొబ్బరినూనె, తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె, కుట్టుమిషనుకి, సైకిలు చెయినుకి, పిల్లల తలకి అదే. సొంత తోటలో కాయ, మేమే గానుగాడించుకున్న నూనె. దాన్ని మించింది ఇంకోటి ఉంటుందని మా ప్రాంతం వాడికి ఎలా తోస్తుంది? ప్రతి ఆదివారం మూత తీసి, చుక్కలు కాదు, ప్రేమకొద్దీ అరచెంచా పోసేవాణ్ణి.

కార్తీకమాసంలో కారు మిస్సు కొట్టడం మొదలైంది. ఎప్పుడూ కొట్టినా బాగుండేది. సోమవారం పొద్దున్న బండి తీస్తే ఇంజను ఉండుండి ఒక దెబ్బ తప్పేది, ఎక్కిళ్ళు వచ్చినట్టు కుదిపేది. కొత్తపేట చేరేసరికి మాయమయ్యేది. బుధవారానికి ఆ ఊసే ఉండేది కాదు. అమలాపురం నుంచి మెకానిక్కుని పిలిపిస్తే, అతని ముందు మా కారంత బుద్ధిమంతురాలు లేదు. అతను నావైపు జాలిగా చూసి వెళ్ళిపోయేవాడు.

దాంతో నేనే కనిపెడతానని పంతం పట్టాను. ఇంజను నడుస్తుండగా ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటీ పీకి విన్నాను. ఏది పీకితే శబ్దం మారదో అక్కడ లోపం ఉన్నట్టు. నాలుగింటికీ మారింది. ప్లగ్గులు మార్చాను. వైర్లు మార్చాను. కండెన్సరు మార్చాను. కార్బొరేటరు విప్పి ఆ ముక్కలన్నీ మా ఆవిడ చీర మీద పరిచి కడిగాను. ఆవిడ తన చీర చూసుకుంది, ఆ పూట కాఫీ రాలేదు. ఆ పాకలో ఒంటరిగా, మసి చేతులతో గడిపిన ఆదివారాలు నా జీవితంలో మంచి రోజులని ఇప్పటికీ అనిపిస్తుంది. అలా అనిపించడమే నాకు సిగ్గు. అన్నీ విప్పి, అన్నీ బిగించి, చేతులు తుడుచుకునే ముందు ఆఖరి పనిగా ఏం చేసేవాణ్ణో మీకు తెలుసు. మూత తీసి కొబ్బరినూనె పోసేవాణ్ణి.

ఒక సోమవారం కుటుంబమంతా కాకినాడలో పెళ్ళికి బయల్దేరాం. అప్పట్లో ముక్తేశ్వరం రేవులో కారుని పంటు ఎక్కించి గోదావరి దాటాలి. పంటు కోసం పొద్దున్నే చలిలో గంటసేపు ఆగి, పలకల మీదికి ఎక్కిస్తుంటే కారు రెండుసార్లు కుదిపి సగంలో ఆగిపోయింది. రేవులో జనమంతా చూస్తున్నారు. నీళ్ళంటే భయపడుతోంది గావాలండీ, కాస్త బుజ్జగించండీ అని ఎవరో అన్నారు. సత్యానందం స్టీరింగు పట్టుకుంటే పదిమంది చేరి నెట్టారు. నేను లోపల పట్టుపంచెతో కూర్చుని ఉన్నాను.

పంటు మీద నాకు తెలిసిన కొబ్బరి వ్యాపారి ఒకాయన కలిశాడు. సోమవారాలే ఎందుకొస్తోందో ఆలోచించారా అని అడిగాడు. శనివారం సాయంత్రం బండి పాకలో పెట్టి వెళ్ళేదెవరన్నాడు. పెట్రోలు తీసుకుని ఆ మేరకు కిరసనాయిలు పోసే డ్రైవర్ల కథలు ఆ రోజుల్లో ఊరూరా ఉండేవి. అవతలి ఒడ్డు చేరేలోపే నేను నమ్మేశాను. ఎందుకంత తొందరగా నమ్మాను? ఈ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను, చాలా జవాబులు చెప్పుకున్నాను, కానీ నిజమైన జవాబు ఒకటే. సత్యానందం పేటవాడు. మావాళ్ళ కుర్రాడెవడైనా ఆ కారు నడుపుతూ ఉండి ఉంటే, అనుమానించే ముందు ఒక్కసారైనా ట్యాంకు మూత తీసి చూసేవాణ్ణి.

మర్నాడు పొద్దున్న ఆయన చేతులు కడుక్కుని వచ్చాడు. రేపటినుంచి రానక్కర్లేదన్నాను.

“ఏం తప్పు చేసేనండి?”

“కిరసనాయిలు సంగతి తెలిసింది సత్యానందం.”

ఆయన ట్యాంకు మూత తీసి, పక్కకి జరిగి నిలబడ్డాడు.

“ఒక్కసారి వాసన చూడండి బాబుగారూ. కిరసనాయిలు కలిస్తే దాగదండి. చూసేక మీరేమన్నా పడతానండి.”

“అక్కర్లేదు. తాళాలక్కడ పెట్టు.”

“ఆయ్” అన్నాడు. మూత బిగించాడు. గుడ్డ తీసి, ట్యాంకు దగ్గర తన వేళ్ళు పడ్డచోట తుడిచాడు. తాళాలు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

తర్వాతి సోమవారం నేనే నడిపాను. కారు మిస్సు కొట్టింది. ట్యాంకులో మిగిలిన కిరసనాయిలనుకున్నాను. ట్యాంకు ఖాళీ చేయించి కొత్త పెట్రోలు పోయించాను. ఆ పై సోమవారం కూడా కొట్టింది. ఇంకో వారం చూశాను. నాలుగో సోమవారం మంచు బాగా పడింది. ఎండ రాకముందే, ఇంజను ముట్టించకుండా, ఎందుకో డిస్ట్రిబ్యూటరు మూత తీశాను. ఎప్పుడూ మధ్యాహ్నం ఎండలో తీసేవాణ్ణి, అప్పుడంతా పల్చగా మెరుస్తూ కనిపించేది. ఆ పొద్దున్న లోపలంతా తెల్లగా గడ్డకట్టి ఉంది. పాయింట్లని రెండు చిన్న బొడిపెలుంటాయి, అవి తాకుతూ విడిపోతూ ఉంటేనే ప్లగ్గులకి నిప్పు అందుతుంది. వాటి మధ్య పేరుకుపోయి ఉంది కొబ్బరినూనె. ఇంజను వేడెక్కితే కరిగిపోతుంది, రెండు రోజులు తిరిగితే చెదిరిపోతుంది, ఆదివారం నేను మళ్ళీ పోస్తాను.

గుడ్డతో తుడిచి, ఇసకకాగితంతో రుద్ది, తాళం తిప్పాను. ఒక్క దెబ్బ తప్పలేదు. ఆ రోజు నుంచి ఆ కారు మళ్ళీ మిస్సు కొట్టలేదు.

అప్పుడే పేటకి వెళ్ళి ఉండాల్సింది. అర ఫర్లాంగు లేదు. చెప్పులు కూడా వేసుకున్నాను. వెళ్ళలేదు. కారణం చెబితే నవ్వుతారు. నవ్వుతారనే వెళ్ళలేదు. మా గోదావరి వాళ్ళ వెటకారం మీకు తెలియనిది కాదు. మా దగ్గర ఒకాయన ఎప్పుడో అరటిగెల తలకిందులుగా కట్టాడని, ఆయన మనవణ్ణి కూడా తిరగేసిన గెలోరి అబ్బాయనే అంటారు. ఇంజనుకి తలంటు పోసిన ఫిజిక్సు బాబుగారని నా పేరు అంబాజీపేట అంతా మోగిపోతుంది. ఆ నవ్వుకి భయపడి ఒక మనిషి పరువుని అలా వదిలేశాను.

అంతటితో ఆగినా వేరు. సత్యానందాన్ని పంపించాక కారెలా ఉందండీ అని అందరూ అడిగేవారు. బాగుందండి అనేవాణ్ణి. నిజమే కదా. ఆ నిజమే ఆయన దొంగతనానికి సాక్ష్యమైంది. కొన్నాళ్ళకి ఒక ఆసుపత్రి నుంచి ఒకాయన మా కొట్టుకి వచ్చాడు. వాళ్ళ జీపుకి డ్రైవరు కావాలి, సత్యానందం అడిగాడట, మనిషెలాంటివాడని వాకబు. కొట్లో నలుగురు కూర్చుని ఉన్నారు. నాకు అప్పటికి అంతా తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి, తెలిసే అన్నాను.

“పని వచ్చండి. పెట్రోలు దగ్గర మటుకు కాస్త కనిపెట్టి ఉండండి.”

సత్యానందం మళ్ళీ ఏ బండీ నడపలేదు. ఎవరూ ఇవ్వలేదు. కొబ్బరికాయలు ఒలిచే పనిలోకి వెళ్ళాడు. ఎదురుపడితే సైకిలు దిగి నిలబడేవాడు. కారు బాగుందాండీ అని అడిగేవాడు. అందులో ఎత్తిపొడుపేమైనా ఉందా అని వెతికేవాణ్ణి. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. లేదు. ఆ కారంటే ఆయనకి నిజంగానే ఇష్టం.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి ఆయన పోయాడు. మూడో రోజు పలకరించడానికి వెళ్ళాను. కూతురు మామిడికుదురు దగ్గర బళ్ళో టీచరు. కుర్చీ వేసి, టీ ఇచ్చింది. మాటల్లో అంది, “నాన్నకి ఆఖరిదాకా అదే ధ్యాసండి. ఆ కారు సోమవారాలే ఎందుకు మిస్సు కొట్టేదో అంతు చిక్కలేదమ్మా అనేవారు. తర్వాతేమన్నా తెలిసిందాండి?”

నిలదీయడం కాదు. మంచం మీద తండ్రి పదేపదే అన్న మాట కాబట్టి అడిగింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నవ్వేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

“లేదమ్మా” అన్నాను.

ఇది చదివి మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించాల్సిన మనిషి లేడు. ఆయన కూతురి దగ్గరికి ఈ కాగితం పట్టుకెళ్ళే ధైర్యం ఈ రోజుకీ రాలేదు, వస్తుందని మాటివ్వలేను. కానీ ఇంతవరకూ రాసేసరికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆవిడ అడిగినదానికి జవాబు మటుకు ఇక్కడ పెడుతున్నాను.

తెలిసిందమ్మా. మీ నాన్నగారు కిరసనాయిలు కలపలేదు. పాయింట్ల మీద కొబ్బరినూనె పోసింది నేను. ఆయన్ని పంపించిన నాలుగో సోమవారమే నాకు తెలుసు.