రెండు గంటలు కూడా పట్టదు

అక్క మిరప కల్లంలో కాయలు తిరగేస్తూ కుప్పకూలి, అక్కడే ప్రాణం వదిలిందని పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. ఊరు మార్టూరు దగ్గర. నేనుండేది అహ్మదాబాదులో, ఒక పత్తి వ్యాపారి దగ్గర పని. దొరికిన మొదటి విమానానికి టికెట్ తీసుకుని, "నేనొచ్చేసరికి రాత్రవుతుంది బావా. రేపటిదాకా ఉంచండి. అక్క ముఖం చూడాలి" అన్నాను.

బావ ఎవరి మాటా వినడు, తన ఫోన్ మాట తప్ప. రెండు ఎయిర్‌పోర్టుల పేర్లూ అందులో కొట్టి చూశాడట. అహ్మదాబాదు నుంచి గన్నవరానికి రెండు గంటలు కూడా పట్టదని వచ్చింది. అక్కణ్ణుంచి తాడేపల్లి, గుంటూరు మీదుగా కారులో ఎంతసేపనేది ఆయనకు తెలిసిందే. "మధ్యాహ్నానికల్లా వాడిక్కడుంటాడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. విమానమంటే చెయ్యెత్తితే ఆగే ఆటో అనుకున్నాడు మహానుభావుడు. నేరుగా వచ్చే విమానం లేదనీ, నేను హైదరాబాదులో దిగి ఇంకో విమానం కోసం పడిగాపులు పడాలనీ ఆ ఫోన్ చెప్పలేదు. ఆ నమ్మకంతోనే ఐసు పెట్టె కూడా వద్దన్నాడు.

మధ్యాహ్నం దాటింది. నేను రాలేదు. ఆ ఎండకి ఇంక ఉంచకూడదనీ, పొద్దుగూకేలోపు కానిచ్చేయాలనీ పెద్దవాళ్లు పట్టుబట్టారు.

హైదరాబాదులో రెండో విమానం ఎక్కే వరసలో నిలబడి ఉండగా బావ మళ్లీ ఫోన్ చేశాడు.

"దింపుడు కళ్లం దగ్గర దించాంరా."

శ్మశానం దారిలో పాడె దించి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఉంటే లేస్తారేమోనని. ఎవరైనా లేవగా నేను చూడలేదు.

"నేను పిలిస్తే మీ అక్క ఏనాడు పలికిందిరా? నువ్వు పిలువు. ఫోన్ చెవి దగ్గర పెడతన్నా."

మొదటిసారి వరసలోవాళ్లు వింటారని లోగొంతుతో పిలిచాను. రెండోసారి నాకే వినపడలేదు. మూడోసారి, చిన్నప్పుడు చేను ఈ చివర నుంచి ఆ చివరకు కేకేసినట్టు, "అక్కా!" అని అరిచాను. వరసంతా వెనక్కి తిరిగి చూసింది. అటునుంచి గాలి హోరు, ఎవరివో ఏడుపులు. పలుకుతుందేమోనని నిజంగానే ఆగాను. టికెట్లు చూసే అమ్మాయి చెయ్యి చాపితే, ఫోన్ కట్ చేసి ముందుకు నడిచాను.

నేను చేరేసరికి బావ కల్లం గట్టు మీద కూర్చుని ఉన్నాడు. దారి పొడుగునా ఆయన్ని తిట్టడానికి మాటలు కూడబెట్టుకుంటూ వచ్చాను. నన్ను చూడగానే ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

"చూడరా, రెండు గంటలు కూడా లేదు. నేను అబద్ధం చెప్పలా."

తెర మీద రెండు ఊళ్లను కలుపుతూ ఒక తిన్నని గీత ఉంది. దాన్ని చూశాక ఏడుపొచ్చింది.

"చెప్పలేదులే బావా" అన్నాను.

"చితి మీద పెట్టిందాకా ముఖం మీద గుడ్డ కప్పనీలేదురా" అన్నాడు. "నువ్వొస్తావని."