నాలుగో జవాబు

బళ్ళో అందరూ ఆమెను ట్యాబులమ్మ అంటారు. సాయంత్రం గంట కొట్టాక నలభై ట్యాబులు తుడిచి ఛార్జింగుకు పెట్టడం ఆమె పని. ఏదో చదువుకు సంబంధించిన కొలువు అనుకునేరు. చీమిడి, బిస్కెట్ పొడి, నోట్లోంచి తీసిన వేళ్ళ జిగట, ఇదీ ఆమె కొలువు. ఎనిమిదేళ్ళుగా తుడుస్తున్నా ఇప్పటికీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది. "పలకైతే కడిగితే పోయేది. ఈ మహారాణికి నీళ్ళు తగిలితే చస్తుంది" అని గొణుక్కుంటూనే తుడుస్తుంది.

ఆమె కూతురు అక్కడే ఐదో తరగతి. పోయిన నెల ట్యాబుల మీద పెట్టిన పరీక్షలో నలభైకి పదకొండు వచ్చాయని దాన్ని వెనకబడిన పిల్లల సెక్షన్లో పడేశారు. "అమ్మా, నొక్కితే పడట్లేదే" అని పిల్ల ఏడిస్తే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ కథ" అని వీపు మీద ఒకటిచ్చింది ఈ తల్లి.

ఒకరోజు, కూతురు పరీక్ష రాసిన పదిహేడో నంబరు ట్యాబు తుడుస్తుంటే కింది అంచున ఎండిన జిగట తగిలింది. గోటితో గీకింది. పోయిందో లేదో చూద్దామని ప్రశ్నపత్రం తెరిచి నొక్కింది. ప్రశ్న కింద ఇచ్చిన నాలుగు జవాబుల్లో మొదటి మూడూ పడ్డాయి. అడుగునున్న నాలుగోది ఏ ప్రశ్నకీ పడలేదు. బొటనవేలితో నొక్కింది, తడి వేలితో నొక్కింది. ఊహూఁ. అద్దం అక్కడ చచ్చి ఎన్నాళ్ళయిందో. పిల్లను కొట్టిన చెయ్యి చూసుకుంటే ఆమెకు తన మీదే రోత పుట్టింది.

మర్నాడు పొద్దున్నే ట్యాబు పట్టుకుని క్లాసు టీచరు దగ్గరికి వెళ్ళింది. "మేడం, దీని మీద రాయబట్టే మా పిల్లకి మార్కులు పోయాయి. ఇంకొక్కసారి పరీక్ష పెట్టండి."

టీచరు నాలుగుసార్లు నొక్కి చూసి, వేలు రుమాలుతో తుడుచుకుంది. "నిజమే, పనిచెయ్యట్లేదు. కానీ మార్కులు పైకి పంపేశాం. ఇప్పుడు మారిస్తే నన్ను నిలదీస్తారు."

"మరి ఈ ట్యాబు?"

"పారేస్తామా ఏంటి? ఆ వెనకబడిన సెక్షన్‌కి ఇచ్చెయ్యి. వాళ్ళు ఎలాగూ సరిగ్గా రాసి చావరు." ఎదుటి మొహం చూసి టీచరు గొంతు తగ్గించింది. "మీ అమ్మాయికి కాదులే. పక్క పిల్లకి ఇవ్వు."

పెద్ద ఉపకారం చేసినట్టు ఆవిడ నవ్వింది కూడా. ఎనిమిదేళ్ళలో ఏ టీచరు ముందూ నోరెత్తని ట్యాబులమ్మ "ఛీ" అంది. ఆవిడ మొహం మీదే అంది.