మసాలా డబ్బాతో చేపలవేటకి

2003 చలికాలం. మావారి ఉద్యోగం వల్ల న్యూకాసిల్‌లో ఉండేవాళ్లం. మాది అనంతపురం జిల్లా. మా ఊరి ఏట్లో ఇసుక తప్ప నీళ్లు నేనెరగను.

పక్కింటి జార్జ్ అంకుల్‌కి గాలం పిచ్చి. ఓ శనివారం నన్నూ రమ్మన్నారు. నేను గుట్టుగా ఉప్పు, పసుపు, కారం కలిపిన డబ్బా సంచిలో పెట్టుకున్నాను.

రెండు చోట్ల ఏరు బురదగా పొంగుతోంది. మూడో చోట అడుగున రాళ్లు కనిపించేంత తేటగా ఉంది. ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను అంకుల్ నీళ్లలోకి విసిరి, గాలం నా చేతికిచ్చారు. కాసేపటికి కర్ర వంగింది. ఒడ్డు దగ్గరికి లాగితే వెండి ఒళ్లు, వీపు మీద ఎర్రంచు కొంగులాంటి రెక్క!

గబగబా డబ్బా మూత తీశాను.

"ముందు చేతులు తడుపుకో. పొడిచేతులు తగిలితే దాని ఒళ్లు కమిలిపోతుంది" అన్నారు అంకుల్. కొక్కెం తీసి, చేపను నీళ్లలోనే నా చేతుల్లో పెట్టారు. "ప్రవాహానికి ఎదురుగా పట్టుకో. ఊపిరి తీసుకున్నాక అదే వెళ్తుంది."

"వెళ్తుందా?" అన్నాను. ఆయన డబ్బా వైపు చూశారు కానీ నవ్వలేదు. నేను సిగ్గుతో తల వంచుకున్నాను.

నా అరచేతుల మధ్య మొప్పలు మెల్లగా తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉన్నాయి. ఒక్కసారి తోక ఊపి వెళ్లిపోయింది. ఖాళీ చేతులు ఆ చల్లటి నీళ్లలో ఎంతసేపు ఉంచానో నాకే తెలియదు.

"చేప యాడ?" అన్నారు మావారు, నేను ఇల్లు చేరగానే.

"ఏట్లోనే ఉంది" అన్నాను.

ఆ మసాలా బంగాళాదుంపలకి పట్టించాను. అంత రుచైన చేపల వేపుడు మళ్లీ తినలేదు.