వియ్యంకుడి ఇంట్లో దిగని ముద్ద

జనగామలో ఇల్లు కట్టుకునేవాళ్లు ఇటుకలెన్ని, సిమెంటెంత అని నన్నే అడుగుతారు. చదివింది తక్కువైనా లెక్క తప్పడన్న పేరుంది. ఛాతీ మంటకు ఆపరేషన్ అయినప్పుడూ అదే లెక్కల ధోరణి నాది. తిన్నది పైకి ఎగదన్నకుండా కడుపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టి కుట్టారు. కొన్ని వారాలు జావ, మెత్తటి అన్నం తినమన్నారు. గడువు దాటింది కాబట్టి బాగయ్యాననుకున్నాను.

మంట పోయింది. దాంతోపాటు తేనుపూ పోయింది. పైదారి మూసుకుపోయి లోపలి గాలి కిందికే పోయేది. నలుగురిలో కూర్చోవాలంటే భయం. గట్టి ముద్ద ఛాతీలో నిలిచిపోయేది. ఈ సంగతి తన అత్తవారింట్లో చెప్పనని నా బిడ్డ దగ్గర మాట తీసుకున్నాను.

మనవడి పుట్టువెంట్రుకల దావత్‌కు భూపాలపల్లి వెళ్లాను. అల్లుడు చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. యాటను కోశారు, వంటకు మహబూబాబాద్ నుంచి మనిషిని పిలిపించారు. మూలుగ బొక్క, అదే మూలుగున్న ఎముక, ఇంటికొచ్చిన వియ్యంకుడి విస్తట్లో పడటం మర్యాద. మా వియ్యంకుడు తనే గిన్నె పట్టుకొచ్చి బొక్కతో పాటు పెద్ద ముక్కలు వేశాడు. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

"ఏంది బావా, మా కూర నోటికి ఆనుతలేదా? జనగామోళ్ల నాలుక వేరేనా?" అన్నాడు. బంతిలో అందరూ నవ్వారు.

ముక్క నమిలి మింగాను. రొమ్ము మధ్యన ఆగిపోయింది. తాగిన నీళ్లూ దాని మీదే నిలిచాయి. నోటి నిండా ఉమ్మి ఊరింది. లేచి టెంటు వెనక్కి వెళ్లాను. వాంతి చేసుకుందామన్నా రాదు. గోడ పట్టుకుని నురగ ఉమ్ముతూ నిలబడ్డాను.

వెనకాలే వచ్చిన వియ్యంకుడు తన కూరను ఉమ్మేస్తున్నాననుకున్నాడు. చెంబుతో నీళ్లు తెచ్చిన నా బిడ్డ వైపు తిరిగాడు.

"మీ నాయినకు మా ఇంటి కూడు పనికిరాదా? ముందుగాల చెప్తే పిలువకపోయేటోళ్లం గద."

బిడ్డ నాకిచ్చిన మాట నిలబెట్టుకుంటూ తల వంచుకుని నిలబడింది. ఆ ఇంట్లో రేపటినుంచి బతకాల్సింది తను.

"ఆపరేషన్ అయింది బావా," అన్నాను. "ముద్ద దిగదు, తేనుపు రాదు, కక్కుదామన్నా రాదు. గాలంత కిందికే పోతది. సిగ్గయి నేనే చెప్పొద్దన్న."

ఆ మాట పూర్తి కాకముందే కడుపులోని గాలి చప్పుడు చేస్తూ పోయింది.

వియ్యంకుడు నవ్వలేదు. "తెల్వక పిల్లను గంత మాటంటి," అన్నాడు. అన్నది నాతోనే అయినా చూసింది నా బిడ్డ వైపు. మజ్జిగ పంపిస్తానని లోపలికి వెళ్లాడు.

ముక్క జారేదాకా బిడ్డ నా పక్కనే ఉంది, చెంబు కింద పెట్టకుండా. నా సిగ్గు కోసం మాట పడ్డ తన మొహంలోకి నేను చూడలేదు.