ఇంటి మీద ఇంకో ఇల్లు

నూబియా ఎచెవెరి ఇరవై రెండేళ్ళు మెదెయిన్ నగరపు కొండవాడల్లో కరెంటు మీటర్ల రీడింగు తీసింది. ఆ మెట్ల వెంట ఆమెకు తెలియని గుమ్మం లేదు. రీడింగు వాటంతటవే పంపే మీటర్లు వచ్చాక ఆ ఉద్యోగం పోయింది. అప్పుడు నగరపాలక సంస్థ, తన స్మార్ట్ సిటీ సోలార్ పథకం ఎలా నడుస్తోందో తనిఖీ చేసే బృందంలో ఆమెను వేసుకుంది. ఏం చదువుకున్నావని అడిగితే, మెట్లెక్కి అరిగిన మోకాళ్ళు చూపించింది.

చేరిన నెలకే పీకల మీదికొచ్చే పని పడింది. లా క్రెస్టా వాడలో నూట నలభై ఇళ్ళకు ప్యానెళ్ళు బిగిస్తే, ఆఫీసు తెర మీద అరవై ఒకటి ఆరిపోయి కనిపిస్తున్నాయి. శుక్రవారం సమావేశంలో ఆ వాడను 'విఫలం' అని తేలిస్తే అన్నీ విప్పి కింది అపార్ట్‌మెంట్లకు తరలిస్తారు.

మొదటి ఇంట్లో, అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే ఫాబియోలా బెల్లం నీళ్ళిచ్చి, దుప్పటి చుట్టిన ప్యానెల్‌ను మంచం కింది నుంచి లాగింది.

"విప్పేశారేం దోన్యా?"

"మరేం చెయ్యమంటావే? నా కూతురు ఇల్లెక్కడ కట్టుకుంటుంది, ఆకాశంలోనా? పైన శ్లాబు దానిది. పుట్టినప్పుడే ఇచ్చేశా."

"ఆఫీసువాళ్ళకు చెప్పలేదా?"

"అడిగితేగా! వచ్చారు, కొలిచారు, బిగించారు, పోయారు."

నూబియాకు ఆఫీసు మీద ఒళ్ళు మండింది. ఈ కొండ మీద ఏ ఇంటి కప్పయినా పైన రాబోయేవాళ్ళ నేల. పథకం వేసినవాళ్ళకు ఆ సంగతే తట్టలేదు. మిగతా అరవై ఇళ్ళూ ఎక్కి దిగడానికి మూడు రోజులు పట్టింది. అన్నిచోట్లా అదే కథ.

శుక్రవారం ఇంజినీరు వియేగాస్ ఆమె ఫారాలు తిరగేశాడు. "పనిచేస్తోంది, చెడిపోయింది, రెండే గడులు దోన్యా నూబియా. మీరేమో పక్కన పురాణం రాశారు."

"ఇంకో గడి గీయండి ఇంజినీరు గారూ. పైన ఇల్లు లేస్తోంది అని."

"సాకులు చెప్పకండి."

"సాకులా?" నూబియా కాగితం చూడకుండానే మొదలుపెట్టింది. "ఫాబియోలా కూతురు, జూన్‌లో గోడలు. అల్వెయిరో కొడుకు, ఇటుకలు వచ్చేశాయి. రోసాల్బా చెల్లెలు, తలుపులే మిగిలాయి..." అరవై ఒక్క ఇళ్ళ సంగతీ చెప్పింది. చివరికి వియేగాస్ వైపు తిరిగింది.

"ఒక్కరూ ప్యానెల్ వద్దనలేదు. పైకప్పు పడగానే ఎక్కిస్తారు. విప్పి బిగించుకునే చట్రాలివ్వండి, చాలు."

సమావేశం నడుపుతున్న డైరెక్టరమ్మ అడిగింది. "దాని మీద ఇంకో అంతస్తు వేస్తే?"

"మళ్ళీ ఎక్కిస్తారమ్మా. పిల్లల్ని కనడం మానమని రాద్దామా?"

డైరెక్టరమ్మ పకపకా నవ్వి 'విఫలం' కొట్టేసింది. నూబియాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. ప్యానెళ్ళు కొండ మీదే ఉంటాయి. రెండో విడత ఇళ్ళు చూడడానికి వియేగాస్‌ను ఆమె వెంట పంపారు.

నలభై మెట్లకే ఆయన రొప్పుతూ కూలబడ్డాడు. లేచి మొదటి తలుపు కొట్టి, కొలిచే టేపు జేబులోంచి తీయకుండానే అడిగాడు.

"మీ పైన ఎవరుండబోతున్నారమ్మా?"