చిలకలపూడిలో పెద్దమనిషి దొంగ

దొంగతనం చేస్తూ పట్టుబడ్డవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. దొంగిలించిన వస్తువును బుద్ధిగా తిరిగి పెడుతూ పట్టుబడ్డవాడు మాత్రం మా బందరు మొత్తానికీ నేనొక్కణ్ణే. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న పెద్దలు నాలాంటివాడు పుడతాడని ఊహించినట్టు లేదు. నాకు సరిపడే సామెత చెప్పకుండానే పోయారు.

తొంభైల్లో మాట. నాకు ఇరవై రెండేళ్ళు. కాలేజీ మొహం చూడకపోయినా, లైబ్రరీలో మూడు అలమరాల పుస్తకాలు నమిలేశానన్న గర్వం ఒంటినిండా ఉండేది. రోల్డ్‌గోల్డ్‌కి పేరుమోసిన మా బందరు చిలకలపూడిలో, పక్కింటి మావయ్య కూడా ఆ నగలే చేయించేవాడు. నగల పెట్టె పట్టుకుని గుడివాడ షాపులకు తిరగడానికి ఆయనకో మనిషి కావాలి. "నీ సంగతి సోమవారం చెప్తాలేరా" అన్నాడు. మా ఇంట్లో నాకు అన్నంతోపాటు చివాట్లూ వడ్డిస్తున్న రోజులవి. ఆ సోమవారం కోసం నేను చకోరపక్షిలా కాచుక్కూర్చున్నాను.

ఆదివారం సాయంత్రాలు మావయ్యవాళ్ళ టీవీలో ఓ హిందీ సీరియల్ వచ్చేది. హీరో దొంగ. అయితే సూటు, తెల్ల గ్లవ్స్, చిరునవ్వు! నగ తీసుకెళ్ళి దాని చోట ఓ కార్డు పెడతాడు. ఇంటివాళ్ళు మంచివాళ్ళయితే నగ తిరిగిచ్చేసి, మీ ఇంటి కాపలా బాగాలేదని మర్యాదగా హెచ్చరిస్తాడు. వాళ్ళు కాఫీ ఇచ్చి పంపిస్తారు. అందరికీ తెలుగులో చెప్పే బాధ్యత నాది. సగం అతని మాటలు, సగం నా సొంతం.

"ఎంత మర్యాదస్తుడో! ఇలాంటివాడొస్తే నేనూ కాఫీ ఇస్తాను" అనేది అత్తయ్య.

ఆ మాట నా బుర్రలో పడి మొలకెత్తింది. నేనూ ఓ నగ తీసి, తిరిగిచ్చేసి, తెలివీ నిజాయితీ ఒకే దెబ్బకు చూపిస్తే సోమవారం నాదే కదా!

శుక్రవారం మధ్యాహ్నం పెరటి షెడ్డులో పనివాళ్ళ సుత్తుల మోత. మావయ్య అక్కడే ఉన్నాడు, అత్తయ్య వంటింట్లో ఉంది. పెళ్ళి బ్యాండువాళ్ళని బతిమాలి తెచ్చిన తెల్ల గ్లవ్స్ తొడుక్కుని బీరువా దగ్గరికెళ్ళాను. తాళంచెవి బీరువాకే వేలాడుతోంది. మీకైతే అక్కడే అనుమానం వచ్చేది. నేను చదువుకున్నవాణ్ణి, రాలేదు. అత్తయ్య కాసుల హారం తీసి, ఆ చోట కార్డు పెట్టాను: "మాన్యులారా! తమ హారము మా వద్ద క్షేమముగా నున్నది. గృహరక్షణయందు తాము మిక్కిలి అశ్రద్ధ వహించుచున్నారు. ఇట్లు, ఒక పెద్దమనిషి."

ఇక గగ్గోలు కోసం ఎదురుచూశాను. గగ్గోలు లేదు సరికదా, శనివారం అత్తయ్య పిలిచి సరుకుల చీటీ చేతిలో పెట్టింది. కందిపప్పు, చింతపండు, ఇంగువ. వెనక్కి తిప్పితే నా కార్డు!

"అత్తయ్యా, ఈ కాగితం ఎక్కడిది?"

"బీరువాలో ఉంది. నీ లైబ్రరీ చీటీ అనుకున్నా. వెనకాల ఖాళీగా ఉందిగా?"

"చదవలేదా?"

"ఆ తెలుగు ఎవరిక్కావాలిరా! త్వరగా తీసుకురా. రేపు సాయంత్రం అవనిగడ్డలో పెళ్ళికెళ్ళాలి. హారం పెట్టుకుని చాలా రోజులైంది."

కార్డు తీసింది కానీ, హారం లేని సంగతి చూసుకోలేదన్నమాట! ఆమె మళ్ళీ బీరువా తెరిచేలోగా హారం అందులో లేకపోతే ఉద్యోగం సంగతటుంచి, ఆ వీధిలో నడవగలనా?

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ దూరాను. శుక్రవారం గ్లవ్స్ వేసుకోవడం గుర్తుంది కానీ, నన్ను కాపాడింది సుత్తులన్న సంగతి గుర్తులేదు. ఆదివారం షెడ్డుకి సెలవు. సముద్రపు గాలికి తుప్పుపట్టిన బీరువా తలుపు, పొద్దున్నే మేత దొరకని గేదెలా అరిచింది.

"ఏంట్రా, మా బీరువాలో?" వెనకాల మావయ్య.

"పెడుతున్నానండీ."

"ఏంటి?"

"హారం."

"ఎవరిది?"

"మీదేనండీ." తర్వాత మొత్తం కక్కేశాను.

మా మాటలకి వచ్చి అంతా విన్న అత్తయ్య వంటింట్లోకెళ్ళి, బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి ఇంకో హారం లాగింది. అచ్చం అలాంటిదే.

"అసలుది ఇదిరా! చిలకలపూడిలో పుట్టి, బంగారం బీరువాలో పెడతారనుకున్నావా? అది దొంగల కోసం చేయించింది. ఇన్నాళ్ళకి ఒకడొచ్చాడు!"

మావయ్య నవ్వలేదు. "శుక్రవారం నుంచీ ఇది నీ దగ్గరే ఉందా?"

"తలగడ కింద పెట్టుకుని పడుకున్నానండీ."

"ఒక్కసారైనా అనుమానం రాలేదా? నిజం చెప్పు."

"లేదండీ, ఒట్టు!"

మావయ్య మొహం మెరుగు పెట్టిన గాజులా వెలిగింది. సోమవారం నన్ను గుడివాడ బస్సెక్కించాడు. మొదటి షాపులోనే నా భుజం మీద చెయ్యేసి అన్నాడు: "ఈ కుర్రాడు పుట్టింది చిలకలపూడిలోనండీ. మా సరుకు మూడు రోజులు తలకింద పెట్టుకుని కూడా బంగారమే అనుకున్నాడు. ఇంతకన్నా గ్యారంటీ ఏం కావాలండీ?"

నాలుగేళ్ళు చేశాను ఆ ఉద్యోగం. పెట్టె ఆయన మోసేవాడు, నేను పక్కన నిలబడితే చాలు.

అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ బీరువా జోలికి పోను. బియ్యం డబ్బా గురించి ప్రమాణం అక్కర్లేదు. అవనిగడ్డ పెళ్ళి నుంచి రాగానే అత్తయ్య హారం చోటు మార్చేసింది.